పుస్తకంలో లేని జవాబు కోసం బోధన్ దాకా

అందరూ గుడికో గుట్టకో ప్రయాణం కడతారు. నేను చేసిన తప్పు ఎంత పెద్దదో తెలుసుకోవడానికి బోధన్ వెళ్లాను. 2006 డిసెంబరు, చెరకు కోతల కాలం. నా మొదటి నవల అచ్చుకు సిద్ధంగా ఉంది. ఒక పాత ప్రేమ నవలను ఇప్పటి నిజామాబాద్‌లోకి తెచ్చి తిరగరాశాను. అందులో తోట బంగళా ఉంటే నా దాంట్లో కంప్యూటర్ సెంటర్, అక్కడ గుర్రపు బండి ఉంటే ఇక్కడ స్కూటర్. పెళ్లిచూపులు, అపార్థం, ఉత్తరం, క్షమాపణ మాత్రం అవే. కథంతా ఒక్క సన్నివేశం మీద నిలబడింది. పొగరు దిగిన నాయకుడు వచ్చి నన్ను చేసుకుంటావా అంటే, ఆ పిల్ల తల దించకుండా "ఏడాది ఆగు. అప్పటికీ ఇదే మాట మీదుంటే రా" అంటుంది. ఆ రోజుల్లోనే అంత ధైర్యం చేసిందని పాత రచయిత్రిని ముందుమాటలో రెండు పేజీలు పొగిడాను. ప్రూఫులు చూసే పెద్దాయన పాత పుస్తకం సంపాదించి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ మాట ఇందులో ఎక్కడా లేదు. ఈ పిల్ల ఏడ్చి, అతని కాళ్లకు మొక్కి సరేనంటుంది."

నిజం చెప్పాలంటే ఆ నవల నేను చదవలేదు, విన్నాను. నిజామాబాద్‌లో మా వాడకట్టు ఆడవాళ్లంతా మధ్యాహ్నాలు ఒక ఇంట్లో చేరి బీడీలు చుట్టేవాళ్లు. వాళ్లలో కాస్త చదువుకున్నది సులోచనక్క ఒక్కతే. ఆమె నవలలు బయటికి చదివేది. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కనుక తలా ఇన్ని బీడీలు ఆమె చాటలో వేసేవాళ్లు. మా అమ్మ పక్కన కూర్చుని నేను విన్న ప్రేమకథలన్నీ ఆ గొంతులోవే. తిరగరాసే ముందు పుస్తకం ఒక్కసారి తెరవొద్దా అని మీరు తిట్టవచ్చు. అది ఎక్కడా దొరకలేదు. దొరక్కపోయినా ఏం, నాకు కంఠతా వచ్చునన్న పొగరు. అయితే ఆ మాట సులోచనక్కదన్నమాట! ఆమె సొత్తు తెచ్చి వేరొకరి పేరున పెట్టాను. సోమవారం ప్రూఫులు ఇచ్చేయాలి. ఆమె వద్దంటే నా నవలకు వెన్నెముక లేదు.

పెళ్లయ్యాక ఆమె బోధన్ దగ్గరి ఊళ్లో ఉంటోందని విని, శనివారం పొద్దున ఆరింటికి సికింద్రాబాద్‌లో బస్సెక్కాను. నిజామాబాద్‌కు తొంభై చిల్లర టికెట్టు, నాలుగు గంటలు. కామారెడ్డిలో చాయ్ తీసుకుని, అక్కతో ఏం చెప్పాలా అనుకుంటూనే చల్లార్చేశాను. నిజామాబాద్‌లో బోధన్ బస్సులు ఎప్పుడూ ఉంటాయి, పదమూడు రూపాయలు. గంటలోపు చేరాల్సింది, చెరకు బండ్లు అడ్డం పడి గంటన్నర పట్టింది. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ నాకు లోలోపల సంతోషంగానే ఉంది. బోధన్‌లో కోటగిరి వైపు పోయే షేర్ ఆటో ఎక్కాను. వెనక ఇద్దరు మరాఠీలో ఉల్లిగడ్డ ధర గురించి వాదించుకుంటున్నారు.

"ఎవలింటికక్కా?" అన్నాడు డ్రైవర్.

"బీడీల సులోచనక్క ఇంటికి."

"గామె ఎర్కనే. గట్ల బెదురుకుంట కూసున్నవేంది? ఎవలకన్న పానం బాగలేదా?"

"అందరూ బాగానే ఉన్నారన్నా. నేనే ఒక తప్పు చేశాను."

"అయితె వాపసు బస్సు ముందుగాల తెల్సుకో. నాలుగున్నరకు హైద్రాబాద్‌ది ఉంటది. ఇంట్లకెల్లి ఎల్లగొడితె చౌరస్తల నిలబడు, నేనే తీస్కపోత."

సులోచనక్క వరండాలో నలుగురితో కలిసి బీడీలు చుడుతోంది. గోడవారగా నులక మంచం మీద, ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్న ఆమె తండ్రి, మేమంతా పెద్దబాపు అని పిలిచే మల్లయ్య, కళ్లు మూసుకుని ఉన్నాడు. "మంజూ! గింత పెద్దగయినవా!" అని అక్క చేతులు పట్టుకుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రెండో రొట్టె తుంచుతూ వచ్చిన పని చెప్పేశాను.

ఆమె మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "మెల్లగ మాట్లాడు, బాపు ఇంటడు. గప్పుడు నాకు సంబంధం వచ్చింది యాదుందా? పిలగానోళ్లు ఆత్రపడుతున్రు. నాకేమొ పదో తరగతి పరీక్షలు రాయాలని ఉండె. బాపు ముందట నోరు లేస్తదా? రోజు గోడ అవుతల కూసోని ఇంటుండె. అందుకనె గా ఏడాది ఆగుమన్న మాట పుస్తకంల ఉన్నట్టె జోరుగ చదివిన. బాపుకు సదువు రాదు గద, నమ్మిండు. రెండు రోజులకు పిలగానోళ్లకు ఏడాది ఆగుమని కబురు చేసిండు."

"వాళ్లు ఆగారా?"

"ఆగిన్రు. గా పిలగాడే మా ఆయన. చెరకు కొట్టిస్తున్నడు, మాపటికొస్తడు." నవ్వబోయి ఆగిపోయింది. "మాట తీస్కో మంజూ, నీ ఇష్టం. గని పుస్తకంల లేదని మాత్రం రాయకు. ఎవలో ఒకలు బాపుకు చెప్తరు. గీ వయసుల బిడ్డ మోసం చేసిందని తెల్వద్దు."

రొట్టె చేతిలోనే ఉండిపోయింది. నిజం రాస్తే ఆమె పరువు పోతుంది, రాయకపోతే నేను అబద్ధాల మనిషినవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏందే గుసగుస?" మంచం మీంచి పెద్దబాపు గొంతు. "పుస్తకం తెచ్చిందట గద, సదువుమను."

తప్పలేదు. ఎవరో ఖాళీ చాట తెచ్చి నా ముందు పెట్టారు. ప్రూఫులు విప్పి చదివాను. నాయకుడు స్కూటర్ దిగాడు, క్షమించమన్నాడు, చేసుకుంటావా అన్నాడు. సులోచనక్క చేతిలో కత్తెర ఆగింది. గబుక్కున పేజీ తిప్పేసి పెళ్లి పందిట్లోకి దూకాను.

"ఆగు బిడ్డా," అన్నాడు పెద్దబాపు. "ఏడాది ఆగుమన్న ముక్క ఏదే? ఎందుకు ఇడిసిపెట్టినవు?"

"అది... ఆ పుస్తకంలో..."

"లేదు. నాకెర్కే. తెల్లారే లైబ్రరీ సారుతోని సదివిచ్చుకున్న. గా పుస్తకంల పిల్ల ఏడ్సుకుంట కాళ్లు మొక్కుతది. నమ్మబుద్ధిగాక రెండుసార్లు సదివిచ్చిన."

సులోచనక్క కత్తెర కింద పెట్టేసింది. "ఎర్కయినంక గూడ ఎందుకు ఆగుమన్నవు బాపూ?"

"పుస్తకంల ఉంటె గా పిల్ల మాట. లేకపాయె గదనే! అంటె నా బిడ్డ మాట."

అక్క ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోను. కాసేపటికి ఆ ముక్క మొదటి నుంచి చదివించుకుని, పెద్దబాపు మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

తిరుగు బస్సులో ముందుమాట రెండు పేజీలూ కొట్టేసి, ఈ జవాబు ఎవరిదో అక్క పేరుతో సహా రాశాను. పాత ప్రేమకథలను కొత్తగా తిరగరాస్తున్నామని మేం రచయితలం మురిసిపోతుంటాం. మాకంటే ముందే ఒక పదహారేళ్ల పిల్ల, ముందర ఖాళీ చాట పెట్టుకుని, తన బతుకు కోసం ఆ పని చేసింది. మేం పేరు కోసం చేస్తున్నాం, అంతే తేడా. నా చాటలో పడిన గుప్పెడు బీడీలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చెరకు కాలంలో బోధన్ దారికి ఒక గంట అదనంగా పెట్టుకోండి, నాలుగున్నర బస్సుకు నాలుగింటికే చౌరస్తాలో ఉండండి. చేతిలో పుస్తకం ఉంటే చదవమంటారు. ఒక్క ముక్క కూడా వదలకుండా చదవండి, అక్కడ గోడ అవతల వినేవాళ్లు ఉంటారు.