ఎనిమిదో వీరుడు

మా అత్తగారు ఒక మాట అంటే అంతే, ఇంకెవరూ దాన్ని కదల్చలేరు. దసరా బొమ్మల కొలువులో తన సూపర్‌హీరోలకు ఒక మెట్టు కావాలని మా అమ్మాయి అడిగినప్పుడు, ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సెట్టు పూర్తయితేనే మెట్టెక్కించేది. వెలితి సెట్టు కొలువుకి పనికిరాదే" అన్నారు.

ఆ నియమం ఆవిడ తనకూ పెట్టుకున్నారు. ఆరేళ్ల క్రితం లింగంపల్లి అద్దింటి నుంచి తెల్లాపూర్ ఫ్లాటుకు మారినప్పుడు ఆవిడ దశావతారాల సెట్టులో వామనుడు విరిగిపోయాడు. మిగిలిన తొమ్మిది మట్టిబొమ్మలూ అప్పటి నుంచి ట్రంకుపెట్టె దాటి బయటికి రాలేదు. ఆ సామాను సర్దింది నేనే. ఎలా విరిగిందని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా ఆఫీసు కింద ఫుడ్‌కోర్టులో ఒక బర్గర్ల కొట్టుంది. అక్కడ పిల్లల మీల్ కొంటే సూపర్‌హీరో బొమ్మ ఒకటి ఇస్తారు. మొత్తం ఎనిమిది రకాలు. ఏడేళ్ల మా అమ్మాయి దగ్గర అప్పటికి ఐదున్నాయి, కొలువుకు నెల రోజులుంది. మిగతా మూడూ తెచ్చి తీరతానని దాని నెత్తిన చెయ్యి పెట్టి మరీ చెప్పాను.

బొమ్మలు మూసిన కవర్లలో వస్తాయి, ఎవరొస్తారో తెలియదు. నేను పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్ని. ఒక కవరు నన్ను మోసం చేస్తుందా! వేళ్లతో నొక్కి చూసి తల పెద్దదా, వీపున రెక్కలున్నాయా కనిపెట్టడం నేర్చుకున్నాను. రోజూ మధ్యాహ్నం ఆలూ బర్గరే. "మేడమ్, ఇవాళైనా పెద్దవాళ్ల అన్నం తింటారా?" అని మా టీమంతా నవ్వేది. నవ్వుకోనీ అనుకున్నాను. రెండు వారాల్లో ఆరూ ఏడూ దొరికాయి. కోడి మాంసం అమ్మే కొట్లోంచి వచ్చినవి కదా అని అత్తగారు ఏడింటినీ పసుపునీళ్లలో ముంచారు. తెల్ల డ్రెస్సువాడు పచ్చగా మారిపోయాడు. మా అమ్మాయి కాసేపు ఏడ్చి, వాడికి కొత్త శక్తి వచ్చిందని సర్దుకుంది.

ఎనిమిదోవాడు మాత్రం చిక్కలేదు. బొటనవేలంత మనిషి, ఆకుపచ్చ అంగీ. కొండాపూర్, గచ్చిబౌలి మాల్స్‌లో ఆ కొట్టు శాఖలన్నీ తిరిగాను. చివరి రోజు వచ్చింది. మర్నాడే కొలువు పెట్టాలి, ఆఫర్ కూడా ఆ రోజుతో ఆఖరు. అప్పుడు ఆఖరుగా వెళ్లిన శాఖలో, కౌంటర్ మీది అద్దాలపెట్టెలో నిలబడి కనిపించాడు.

"అది ఇవ్వండి" అన్నాను.

"గది డిస్‌ప్లేది మేడమ్, ఇయ్యరాదు" అంది కౌంటర్‌లో ఉన్న అమ్మాయి.

"రేపటి నుంచి దాన్నేం చేస్తారు?"

"డబ్బాల పడేస్తం. ఒక్క బొమ్మకు గింత పరేషానేంది మేడమ్?"

కొలువు సంగతంతా చెప్పాను. నా వెనక లైను పెరుగుతోంది, నేను కదల్లేదు. ఆ అమ్మాయి నవ్వింది. "ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ. ఒక్క వరసకు పువ్వు తక్కువైతే మా అమ్మ గిట్లనే ఊరంత తిరుగుతది. జర ఆగుండ్రి" అని లోపలికెళ్లి మేనేజర్‌ని అడిగొచ్చి, పెట్టె తెరిచింది. చేతిలో ఉండాల్సిన గద లేదు, పిడికిట్లో చిల్లు మాత్రమే ఉంది. టెస్టర్నైనా ఆ లోపాన్ని వదిలేశాను.

మర్నాడు పొద్దున అత్తగారు పాత గుడ్డల కోసం ట్రంకుపెట్టె తెరిచారు. లోపల తొమ్మిది అవతారాలు వరసగా పడుకుని ఉన్నాయి. మా అమ్మాయి చాలాసేపు చూసింది. తర్వాత తన ఎనిమిదోవాణ్ణి తెచ్చి నరసింహుడికీ పరశురాముడికీ మధ్య ఖాళీలో పెట్టింది.

"నాన్నమ్మా, నీ సెట్టు పూర్తయింది."

"మరి నీ మెట్టో?"

"నావి ఏడేగా. పెట్టకూడదు" అంది, పెదవి బిగబట్టి.

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు తిన్న బర్గర్లు దీనికా! ఆ వెంటనే సిగ్గేసింది. ఒక ప్లాస్టిక్ బొమ్మ కోసం ఇన్ని మాల్స్ ఎక్కిన నేను, ఆరేళ్లలో వామనుడి కోసం ఒక్క దుకాణం గడప తొక్కలేదు.

అత్తగారు దేవుడి గూట్లోకి చెయ్యి పెట్టారు. కాలిన అగరుబత్తి పుల్ల తీసుకుని, రంగు కాగితం గుండ్రంగా కత్తిరించి దానికి గుచ్చారు. ఆ చిన్న గొడుగును ఆకుపచ్చ అంగీవాడి పిడికిట్లో దూర్చారు, సరిగ్గా పట్టింది. పదిమందినీ పైమెట్టు మీద నిలబెట్టి, కింది మెట్టు మీద మిగిలిన ఏడుగురినీ తన చేత్తోనే వరసగా పెట్టారు.

నేనిక ఆగలేకపోయాను. "అత్తయ్యా, ఆ వామనుడు నా వల్లే విరిగాడు. గుడ్డ చుట్టకుండా గిన్నెల మధ్య కుక్కాను."

"తెలుసులేవే" అన్నారు ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. "గొడుగు వంకరగా ఉందేమో చూసి చెప్పు."