రాజావారి తోటలో వనభోజనం

మా చిన్నప్పుడు... కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి వీధంతా లారీ ఎక్కేది. తగరపువలస దాటాక పాత రాజావారి తోట ఒకటి ఉండేది... అక్కడే మా వనభోజనాలు.

మాది వైజాగ్ పాత ఊరు. నాన్నకి తాళాలు బాగుచేసే కొట్టు. వీధిలో మాలాంటి ముస్లిం ఇళ్ళు కొన్నే. అయినా "మీరూ వస్తారా?" అని ఎవరూ అడిగేవారు కాదు... లారీలో మా చోటు మాకుండేది, అంతే.

రాజులు పోయి చాన్నాళ్ళయినా తోట దర్జా పోలేదు. సపోటా, మామిడి వరసలు... నీళ్ళు లేని ఫౌంటెను... ముక్కు విరిగిన రాతి సింహం. దాని వీపెక్కడానికి నేనూ, పక్కింటి సూరిబాబూ కొట్టుకు చచ్చేవాళ్ళం.

ముందు పెద్ద ఉసిరి చెట్టుకి పూజ, తర్వాత దాని కిందే బంతి. సూరిబాబు వాళ్ళమ్మ పైడమ్మత్త వడ్డించేది. సేమియా పాయసం మా అమ్మది. నీచు తగలని గిన్నె ఒకటి దానికోసమే అటక మీద దాచేది... కార్తీకం గిన్నె అనేవాళ్ళం.

గాలి కొడితే ఉసిరాకు సన్నగా రాలి విస్తట్లో పడేది. నేను ఏరబోతే పైడమ్మత్త కసిరేది.

"తియ్యకురా... ఉసిరాకు పడితే మంచిదే. అలాగే తినీ."

తర్వాత వీధి చెదిరిపోయింది. నాకు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, సూరిబాబు వాళ్ళకి మధురవాడలో అపార్ట్‌మెంటు. నాన్న పోయాక అమ్మది ఒకటే పోరు... పైడమ్మ వదినతో కలిసి ఆ చెట్టు కింద ఒక్కసారి తినాలి. ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి, ఇంకెన్నాళ్ళు తిరుగుతాం అంటుంది.

మొన్న కార్తీకంలో పైడమ్మత్త వాళ్ళు ఆ తోటకే వెళ్తున్నారని తెలిసింది. అమ్మ పొద్దున్నే లేచి పాయసం చేసింది. ఆ పాత గిన్నెలోనే...

తోట గేటుకి పెద్ద ఫ్లెక్సీ. ఫలానా కులం వారి కార్తీక వనసమారాధన. బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన "మీరు ఏ ఊరి శాఖండీ?" అన్నాడు. నేను సూరిబాబు పేరు చెప్పాను.

లోపల్నుంచి సూరిబాబు వచ్చాడు. వాడి జేబుకీ బ్యాడ్జీ ఉంది.

"ఏటి బావా, ఒక ఫోనైనా సెయ్యకుండా వచ్చీసేవు? ఇది మా సంఘం వోల్లది... నానేటి సెయ్యగలను? ఉండు, పార్సిల్ కట్టించి తెత్తాను."

వాడి వెనకే పైడమ్మత్త కుంటుకుంటూ వచ్చింది. గేటు ఊచల్లోంచి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపలికి రమ్మంటుందేమోనని అమ్మ ఆవిడ మొహం చూస్తోంది... ఆవిడ కొడుకు మొహం చూసింది.

"ఒకపాలి ఇంటికి రా వదినా" అంది. చెయ్యి వదిలి లోపలికెళ్ళిపోయింది.

పార్సిల్ కోసం మేం ఆగలేదు. కారులో అమ్మ ఒకటే మాట అంది... "ఆవిణ్ణేమీ అనకురా. కొడుకు చేతికింద బతుకుతోంది."

సరే, ఆవిణ్ణి అనను. సూరిబాబుని మాత్రం అంటాను. మా అమ్మ చేతి పాయసం గిన్నె అడుగుదాకా నాకినవాడివి... సిగ్గనిపించలేదురా నీకు?

ఇప్పుడు కార్తీకం వస్తే తోటకో కులం, కులానికో ఫ్లెక్సీ. కడుపు మండిపోతోంది నాకు.

మీ వీధివాళ్ళు కూడా అప్పట్లో అలా అందరూ కలిసి తిన్నారా? తిని ఉంటే కింద రాయండి... మా అబ్బాయికి చూపిస్తాను. వాడు ఇదంతా నేను కల్పించి చెబుతున్నానంటున్నాడు.