చూసి చెప్పే మనిషి

మా గల్లీలో ఎవరికైనా గాలి సోకిందని, దయ్యం పట్టిందని అంటే, పొద్దున ఏమైనా తిన్నదా లేదా ముందు అది కనుక్కోండి అనే మనిషిని నేను. అందుకే నన్ను మొండిది అంటారు. అననీ. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క తాయెత్తును కూడా మా గడప తొక్కనివ్వలేదు. అలాంటిదాన్ని ఇప్పుడు కూర్చుని ఇది రాస్తుంటే మా ఆయన పక్కన ముసిముసిగా నవ్వుతున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు. అదొక్కటే నా ధైర్యం.

మేముండేది సోలాపూర్‌లో, బీడీ పనివాళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌లో. మగవాళ్లు సాంచ మీద, అంటే మరమగ్గం మీద, చద్దర్లు నేస్తారు. ఆడవాళ్లం ఇంట్లో బీడీలు చుడతాం. మా ముందరి గదిలో మూడు చాటలు ఉండేవి. ఒకటి మా అత్తది, ఒకటి నాది, ఒకటి మా యారాలు అనసూయక్కది. యారాలంటే తోటికోడలు, మా ఆయన అన్న భార్య. ఆమెకు పిల్లలు లేరు. నా కూతురు పాలు మరిచిన నాటి నుంచి ఆమె పక్కలోనే పడుకునేది.

బీడీలు చుట్టేవాళ్లు టీవీ ఎలా చూస్తారో బయటివాళ్లకు తెలియదు. మేం చూడం, వింటాం. కళ్లు ఆకు మీదే ఉండాలి. తునికాకు కొలత తప్పినా, బీడీ కొస సరిగ్గా ముడవకపోయినా కార్ఖానాలో తీసి పక్కన పారేస్తారు. అందుకని ఒకరు తలెత్తి చూసి చెబుతుంటే మిగతావాళ్లు చేతులు ఆడిస్తూ వింటారు. మా ఇంట్లో ఆ పని అనసూయక్కది. ఆకు వైపు చూడకుండా చుట్టగలిగేది ఆమె ఒక్కతే. ఎప్పుడూ అత్తకు ఎడమ పక్కనే కూర్చునేది. మధ్యాహ్నం తెలుగు సీరియల్, సాయంత్రం మరాఠీ సీరియల్, ఆదివారం సినిమా.

ఏమని చెప్పేదనుకున్నారు! తలుపు వెనక ఎవరు నిలబడ్డారో, అత్తగారి పాత్ర ఏ రంగు చీర కట్టిందో, ఆ చీరకు జాకెట్టు నప్పలేదన్న మాట కూడా. విలన్ గదిలోకి వస్తే, "వచ్చిండు మన అల్లుడు, చాయ్ పెట్టు చిన్నదానా" అని నాకు పురమాయించేది. సగం కల్పించేది కూడా. నేను తలెత్తి చూసి, అట్ల లేదక్కా, అక్కడ అద్దమే లేదు అంటే, "నీకు కనవడకపోతే నేనేం జేస్త" అని ఎదురు తిరిగేది. అత్త కడుపు పట్టుకుని నవ్వేది.

అత్తకు చూపు కొద్దికొద్దిగా పోతూ వచ్చింది. రెండేళ్ల కిందట ఉగాది దాటాక ఆపరేషన్ చేయించాం. కొన్నాళ్లు కంట్లో నీళ్లు రాకూడదు, ఏడవొద్దు అన్నాడు డాక్టరు. మా అత్తేమో సీరియల్లో ఎవరో ముక్కు చీదిన చప్పుడైతే చాలు, తనూ మొదలుపెట్టే మనిషి. ఎవరేడుస్తున్నరే అని ఆమె అడిగితే అనసూయక్క తడుముకోకుండా, "ఏడుస్తలేదత్తా, సర్ది అయింది దానికి" అనేది. సర్ది అంటే పడిశం. అప్పటి నుంచి మా ఇంట్లో టీవీలో ఎవరూ ఏడవలేదు. అందరికీ సర్దే. పెళ్లికూతురికి సర్ది, కన్నతల్లికి సర్ది, చివరికి కోర్టులో జడ్జికి కూడా ఒకసారి సర్ది పట్టింది. అదంతా అబద్ధమని అత్తకు తెలుసు. తెలుసని మాకూ తెలుసు. కన్ను మానినాక కూడా ఆ మాట పోలేదు.

అనసూయక్కకు ఒక పిచ్చి ఉండేది, సముద్రం. చూసింది లేదు, సినిమాల్లో తప్ప. పాటలో హీరోయిన్ ఇసుకలో పరిగెత్తితే చాట పక్కన పెట్టేసేది. చీర కట్టుకుని ఇసుకలో అట్లా ఎలా ఉరుకుతుంది, నేనూ ఒకసారి ఉరికి చూడాలి అని ఎన్ని సార్లు అన్నదో. ఎండాకాలం సెలవుల్లో మేం బండి మాట్లాడుకుని వెళ్లేది తుల్జాపూర్, పండరిపురం, అక్కల్‌కోట్. అన్నీ దేవుళ్లే. ఆపరేషన్ అయిన ఆ మే నెలలో మాత్రం ఆమె పట్టుబట్టింది. ఈసారి కొంకణం పోదాం, సముద్రం చూద్దాం అని. ఆమె భర్త, మా బావ, ఒప్పుకున్నాడు, మా ఆయన ఒప్పుకున్నాడు. పాప సంచీ కూడా సర్దుకుంది.

వద్దన్నది నేను.

అత్తకు చూపు రానీ, వచ్చే ఎండాకాలం పోదాం, చూడలేని మనిషిని అంత దూరం తీసుకుపోయి ఏం లాభం అన్నాను. నా మాటలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కానీ అప్పుడు అనసూయక్క నా వైపు చూసి, "నేను చెప్త గద" అన్నది. అంతే అన్నది. నేను మొండిదాన్ని కదా, కాదంటే కాదన్నాను.

అత్తకు చూపు రాలేదు. నరం ఎండిపోయిందన్నారు. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. ఆ ఏడు దసరాకు ముందు అనసూయక్కకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు మనిషి లేదు.

నేను ఏడవలేదు. ఏడవలేదని గల్లీలో చెవులు కొరుక్కున్నారు కూడా. వంట నాది, పాప నాది, మా బావ పళ్లెం నాది, అత్త స్నానం నాది. తీరిక దొరికితే కదా.

చూసి చెప్పే పని కూడా నాకే వచ్చింది. నేను అత్తకు ఎడమ పక్కన కూర్చుని చెప్పేదాన్ని. ఆమె వచ్చింది. కూర్చుంది. వాడు బయటికి పోయాడు. అత్త "ఊ" అనేది. ఏ చీర కట్టుకుందని మొదట్లో అడిగింది, ఎర్రది అన్నాను. తర్వాత అడగడం మానేసింది. సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం, టీవీ బంద్ చెయ్యమన్నది. ఇంకో వారానికి ఆకు ముట్టడం మానేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి బీడీ చుట్టిన చేతులు అవి. ఊరికే ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. అన్నం సగం వదిలేసేది. మా బావ వచ్చి అమ్మా అని పిలిస్తే, "ఆఁ, ఉన్న" అనేది. ఇక ఎన్ని రోజులో అని మా ఆయన ఒకరోజు వంటింట్లోకి వచ్చి మెల్లగా అన్నాడు. నేను గిన్నెలు తోముతూ, ఈ మే నెలలో సముద్రానికి పోదాం అన్నాను.

పోయాం. సాయంత్రం బయలుదేరి తెల్లారి చేరాం. తిని, పడుకుని లేచి, ఎండ చల్లబడ్డాక నాలుగింటికి ఒడ్డుకు వెళ్లాం. మా బావ నేసిన కొత్త చద్దరు ఇసుకలో పరిచి అత్తను కూర్చోబెట్టాను. పాప ఒంటె ఎక్కుతానంటే మగవాళ్లిద్దరూ దానితో వెళ్లారు. నేను అత్త పక్కన కూర్చున్నాను.

సముద్రం నేనూ చూడడం అదే మొదలు. ఎదురుగా అంత పెద్దది ఉంది. చెప్పాలి. నోరు తెరిచి, నీళ్లున్నయత్తా, అలలొస్తున్నయి, జనం ఉన్నరు అన్నాను.

"గంతేనా?" అన్నది.

ఆ మాటలో కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. చాయ్ తెస్తానని లేచి వచ్చేశాను. చాయ్ బండి కుడివైపు ఉంటే నేను ఎడమవైపు నడిచాను. అక్కడ నల్లబండలు కొన్ని ఉన్నాయి. వాటి అవతలికి వెళ్తే ఒడ్డున ఉన్నవాళ్లెవరూ కనిపించరు, నేను వాళ్లకు కనిపించను. చీర పట్టుకుని మోకాలు లోతు నీళ్లలో నిలబడి ఏడ్చాను. దసరా ముందు ఏడవాల్సింది అంతా అప్పుడు ఏడ్చాను. నిన్ను అప్పుడే తీసుకురావలసింది అక్కా, నాకు చెప్పడం రాదక్కా, నువ్వే రావలసింది అని పైకే అన్నాను. అలల చప్పుడులో నా మాట నాకే వినిపించలేదు. పావుగంటో, ఇరవై నిమిషాలో. మొహం కడుక్కుని, చీర కుచ్చిళ్లు పిండుకుని, రెండు చాయ్‌లు పట్టుకుని వెనక్కి వచ్చాను.

అత్త నవ్వుతోంది.

చద్దరు మధ్యలో కూర్చోబెట్టిన మనిషి కుడి అంచుకు జరిగి ఉంది. ఎడమ పక్క ఖాళీ. నా అడుగు చప్పుడు విని, ఒంటె ఇంకా లేవలేదా అని అడిగింది. చూస్తే నిజమే, దూరంగా ఒంటె ఒకటి ఇసుకలో కూలబడి లేవనని మొండికేసింది, దాని యజమాని తాడు పట్టి లాగుతున్నాడు. చప్పుడును బట్టి కనిపెట్టి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత బట్టతలాయన సంగతి చెప్పింది. ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగితే ఒక చెప్పు అల పట్టుకుపోయిందట, రెండోది చేతిలో పట్టుకుని సముద్రంతో కొట్లాడుతున్నాడట. తల తిప్పాను. బట్టతలాయన ఒకడు ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు. పసుపు పడవ బోర్లించి ఉందట, దాని మీద పిల్లల లాగులు ఆరేశారట. ఉన్నాయి.

ఎవరు చెప్పారత్తా అని అడిగాను. ఆ ప్రశ్నే ఆమెకు వింతగా ఉన్నట్టుంది.

"ఎవరు జెప్తరే? ఇసుకల అసలు ఉరుకొస్తనే లేదట. కాలు దిగవడుతదట. సినిమాలల్ల చూపించేదంత అబద్ధమట," అన్నది నవ్వుతూ.

చాయ్‌లు రెండూ ఇసుకలో పెట్టి కూర్చున్నాను.

భయం వేయలేదు. చెప్పాలంటే, నాకు కూడా వినిపిస్తుందేమోనని చెవి పెట్టి కూర్చున్నాను. గాలి, అలలు, పిల్లల గోల. ఇంకేమీ వినిపించలేదు. అత్తకు చెప్పి నాకు చెప్పదా అని కోపం కూడా వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద అలుగుతున్నానని తెలిసి నా మీద నాకే సిగ్గనిపించింది.

తర్వాత నా బుద్ధి పోనిచ్చుకోలేదు. దగ్గర్లో మక్కకంకులు కాలుస్తున్న ఆమెను మరాఠీలో అడిగాను, మా అత్త దగ్గర ఎవరైనా కూర్చున్నారా అని. ఎవరూ లేరు, ఒక్కతే ఉంది, తనలో తను నవ్వుకుంటోంది అన్నది. మా ఆయన, బావ, పాప ఒంటె దగ్గర్నుంచి కదలలేదు. పాప ఫోన్‌లో ఒంటె వీడియో తీసింది. వెనకాల దూరంగా అత్త కనిపిస్తుంది. మొహం ఎడమవైపు తిప్పి తల ఊపుతోంది, ఒళ్లో చేతులు బీడీ చుట్టినట్టు ఆడుతున్నాయి. పక్కన ఎవరూ లేరు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మా బావకు చెప్పాను. ఆయన ఆ చద్దరు దులపకుండా, ఇసుకతోనే మడిచి ఇంటికి తెచ్చాడు.

ఇంటికి వచ్చాక నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒడ్డున వందమంది ఉన్నారు, చెప్పు పోయిందని, ఒంటె లేవలేదని ఎవరో అనుకుంటే చెవిన పడి ఉంటుంది. చూపు లేనివాళ్ల చెవులు చురుగ్గా ఉంటాయి. ఇసుకలో ఉరకడం గురించి అనసూయక్క ఇంట్లో రోజూ అన్నదే కదా, ఆమె గుర్తొచ్చి ముసలామె తనే కల్పించుకుని ఉంటుంది. ఇలా అనుకుంటే అన్నీ సరిపోయాయి. సరిపోయినందుకు సంతోషించాలి, కానీ బాధ వేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్త తనే టీవీ పెట్టమన్నది. చాట కూడా దగ్గరికి తెమ్మన్నది. నేను ఎడమ పక్కన కూర్చుని ఆకు కోస్తున్నాను. సీరియల్లో కోడలిని ఇంట్లోంచి పంపించేస్తున్నారు, ఆ పిల్ల గేటు పట్టుకుని ఏడుస్తోంది. ఏమైందే దానికి అని అత్త అడిగింది. నా నోట ఎలా వచ్చిందో తెలియదు. కల్పించి చెప్పడం రాదన్నదాన్ని.

"ఏం లేదత్తా, సర్ది అయింది," అన్నాను.

అత్త చేతిలో బీడీ ఆగింది. నవ్వింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా మోకాలు తడిమి పట్టుకుంది.

"అరే, మర్సే పోయిన. నీకు గూడ ఆ దినం సర్ది అయింది గద. ‘చిన్నది ఆ నల్లబండల అవతల మోకాలు లోతు నీళ్లల్ల నిలవడ్డదత్తా, మస్తు సర్ది అయింది దానికి, జల్ది బయటికి రమ్మను’ అన్నది. చెప్తనని నేనే మర్సిన."

ఆ రోజు నేను బండల అవతలికి వెళ్లినట్టు ఎవరికీ చెప్పలేదు. ఏడ్చినట్టు మా ఆయనకు కూడా తెలియదు, ఇది చదివితేనే తెలుస్తుంది. పాప వీడియోలో ఆ బండలు లేవు. చూపున్నవాళ్లు కూడా అక్కడి నుంచి నన్ను చూడలేరు, తర్వాత రెండోసారి ఆ ఒడ్డుకు వెళ్లి, అత్త కూర్చున్న చోట కూర్చుని మరీ చూసుకున్నాను. దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ అనను. తాయెత్తు తెస్తే ఇప్పటికీ బయటికే పంపిస్తాను.

అత్త ఇప్పుడు అన్నం తింటోంది, రోజుకు కొన్ని కట్టలైనా చుడుతోంది. సీరియల్ నేనే చెబుతున్నాను. లేని అద్దాలు, లేని చీరలు నాకూ అలవాటవుతున్నాయి. కాకపోతే నేనిప్పుడు అత్తకు కుడి పక్కన కూర్చుంటున్నాను.