లెఫ్ట్ వింగ్ నుంచి బావగారికి

డెబ్బైల్లో నేను విజయవాడలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఫార్వర్డుల కోచ్‌ని. జట్టంతటికీ కాదు, గోల్స్ కొట్టేవాళ్ళకి మాత్రమే. గోల్ పడకుండా కాపాడే పని ఫిజికల్ డైరెక్టర్ గారిది. ఆయన శాంతమూర్తి. ఏ మ్యాచి అయినా సున్నా సున్నాతో ముగిస్తే ఆయనకి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టేది. నాకు పట్టేది కాదు. నాకు కోపం ముక్కు మీద, విజిల్ నోట్లో ఉండేవి. ఆ రెండూ కలిశాయంటే బందరు కాలవ అవతలి వాళ్ళు కూడా కిటికీలు తెరిచి చూసేవారు.

మా కుర్రాళ్ళంతా వరి కోసిన చేలల్లో ఆడి పెరిగినవాళ్ళు. కొయ్యకాళ్ళకి తగిలి బంతి ఎటు ఎగిరిపోతుందో తెలియదు కాబట్టి దాన్ని కాలికి అంటిపెట్టుకుని పరిగెత్తడం వాళ్ళకి చిన్నప్పటి నుంచీ వచ్చు. నేను నేర్పవలసిందల్లా బూట్లు వేసుకుని నడవడం, సమయానికి బంతిని వదలడం. ఆ రెండిట్లోనూ అందరికంటే ముందున్నవాడు గన్నవరం వైపు నుంచి వచ్చే లెఫ్ట్ వింగ్ కుర్రాడు. వాడికీ, పటమట నుంచి వచ్చే సెంటర్ ఫార్వర్డ్‌కీ మధ్య బంతి మగ్గంలో నాడె లాగా అటూ ఇటూ తిరిగేది. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు "ఒరేయ్" అని పిలుచుకుంటుంటే అదే నాకు సంగీతం.

ఒక శీతాకాలంలో ఆ సంగీతం ఆగిపోయింది. లెఫ్ట్ వింగ్ వాడి చెల్లెల్ని సెంటర్ ఫార్వర్డ్‌కి ఇవ్వడానికి తాంబూలాలు పుచ్చుకున్నారు. పప్పన్నం దొరుకుతుందని నేనూ సంతోషించాను. మర్నాడు ప్రాక్టీసులో చూద్దును కదా, లెఫ్ట్ వింగ్ వాడు అందర్నీ దాటుకుని గోల్ ముందుకి వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, "రండి బావగారూ, కొట్టండి" అంటున్నాడు. బావగారు వచ్చేలోపు అవతలి జట్టంతా వచ్చేసింది.

"ఏంట్రా ఇది? పెళ్ళి పందిరా, ఫుట్‌బాల్ గ్రౌండా?" అని అరిచాను.

"అదేంటండీ మాస్టారూ, అల్లుడికి వడ్డించకుండా మనం చెయ్యి కడుగుతామా? ఆయన్ని పక్కన పెట్టుకుని నేను కొట్టేస్తే మా నాన్న ఊరుకుంటాడా?" అన్నాడు వాడు, ఎంతో అమాయకంగా.

నవ్వొచ్చింది కానీ నవ్వే పరిస్థితి కాదు. ఆ నెలలోనే మా గ్రౌండులో కాలేజీల పోటీ. యూనివర్సిటీ జట్టు కోసం సెలెక్టరు గారు వస్తున్నారు. మా ఫార్వర్డుల్లో ఒక్కడికే చోటుందని ముందే చెప్పారు. యూనివర్సిటీకి ఆడితే రైల్వేలో ఉద్యోగానికి దారి దొరుకుతుంది. సెంటర్ ఫార్వర్డ్‌కి వాళ్ళ నాన్న రైసుమిల్లు ఉంది. లెఫ్ట్ వింగ్ వాడిది కౌలు చేను. వాడికి ఆ ఉద్యోగం కావాలి. గోల్ కొట్టని వింగ్ ఆటగాణ్ణి ఏ సెలెక్టరూ గుర్తు పెట్టుకోడు.

"ఆ ఒక్క మ్యాచికీ మీ బావగార్ని పక్కన కూర్చోబెడతాను" అన్నాను.

వాడి మొహం పాలిపోయింది. "అంత పని చెయ్యకండి సార్. నేనే చెప్పి తీయించాననుకుంటారు వాళ్ళవాళ్ళు. పెళ్ళి ఆగిపోద్దండీ."

ఫిజికల్ డైరెక్టర్ గారిని సలహా అడిగితే, "సున్నా సున్నా అయితే ఏ గొడవా ఉండదు కదండీ" అన్నారు. ఆయన్ని ఏమీ అనలేక సెంటర్ ఫార్వర్డ్‌నే పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను అంతా విని, "నాక్కూడా యూనివర్సిటీకి ఆడాలనే ఉంది మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. ఆ మాటా న్యాయమే.

మ్యాచి రోజున పెళ్ళివారి రెండు వైపుల పెద్దలూ గొడుగులేసుకుని గట్టు మీద కూర్చున్నారు. మొదటి సగమంతా మర్యాదల్లోనే గడిచింది. లెఫ్ట్ వింగ్ వాడు బంతి ఇస్తాడు, బావగారు కొడతారు, గోల్‌కీపరు పట్టుకుంటాడు. గట్టు మీద మామగారు "భేష్ అల్లుడుగారూ" అంటారు. నా విజిలు నమిలి నమిలి పళ్ళు నొప్పెట్టాయి.

రెండో సగంలో లెఫ్ట్ వింగ్ వాడు మరోసారి అందర్నీ దాటాడు. గోల్ ముందుకి వెళ్ళి అలవాటుగా వెనక్కి చూశాడు. బావగారు లేరు. మధ్య గీత దగ్గర చతికిలబడి, డొక్క పట్టుకుని, రొప్పుతున్నారు. వాడు తెల్లబోయాడు. బంతి ఇవ్వడానికి మనిషి లేడు. "కొట్టరా!" అని నా గుండెలు పగిలేలా అరిచాను. కొట్టాడు. వల ఊగింది. మేం గెలిచాం.

సెలెక్టరు గారు నా దగ్గరకొచ్చి, "మీ లెఫ్ట్ వింగ్‌ని తీసుకుంటున్నానండీ. సెంటర్ ఫార్వర్డ్‌ది మంచి ఆటేగానీ దమ్ము చాలదు" అన్నారు. దమ్ము చాలకపోవడమా! రోజూ పటమట నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ప్రాక్టీసయ్యాక మళ్ళీ పరిగెత్తుకుంటూ వెళ్ళేవాడు! చెప్పబోతుంటే వెనక నుంచి సెంటర్ ఫార్వర్డ్ నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. తిరిగి చూస్తే కళ్ళలో నీళ్ళున్నాయి, మొహంలో నవ్వుంది. నేను నోరు మూసుకున్నాను. కోచ్‌గా నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. వాణ్ణి అక్కడే కావిలించుకోవాలనిపించింది.

పెళ్ళయింది, రైల్వే ఉద్యోగమూ వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా లెఫ్ట్ వింగ్ వాడు విస్తరి ముందు ఆ మ్యాచి కథ మొదలుపెట్టేవాడు. "మా బావగారు ఆటలో మొనగాడేనండీ మాస్టారూ. ఏం లాభం, పాపం, దమ్ము తక్కువ" అని జాలిపడి, ఆయన విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి పోసేవాడు. బావగారు తల వంచుకుని, "నిజమే బావా, ఎంత పరిగెత్తినా నాకు ఆయాసం వచ్చేసేది" అని ముద్ద కలుపుకునేవారు.