ఇకో డబ్బాల పడ్డ మా అవ్వ పాట

మనుమరాలు కరెంటు గిటార్ నేర్చుకుంటున్నది. దానికి సప్పుడు పెంచే ఆంప్లిఫైయర్ డబ్బా కావాలె, వాయించి చూసి ఒకటి ఉంచుకుంటనని తెలిసినోళ్ళ దగ్గర రెండు పాత డబ్బాలు, కాలితోని నొక్కే పెడల్ బిళ్ళలు కొన్ని తెచ్చి, వికారాబాద్‌ల మా ముందటర్రల పరిచింది. పెద్దదాని స్విచ్ ఎయ్యంగనే లోపటి దుమ్ము కాలి, మాడిన బట్ట అసొంటి వాసన లేచింది. ఆ వాసనతోనే నేను చిన్ననాటి తాండూర్ల పడ్డ.

తాండూర్ల మా ఇల్లు బండలు పాలిష్ చేసే మిషన్ల పక్కపొంటి ఉండె. పొద్దంత గర్రుమనే సప్పుడు, గల్లీల పారే తెల్లటి బురద, ఎండకాలం అది ఎండి కండ్లల్ల, కంచంల, నెత్తిల పడేది. చలికాలం ఉడకబెట్టిన కందికాయల వాసన ఒక్కటే ఆ దుమ్ము వాసనను జర అణిచేది. ఇరిగిన బండముక్కలతోని మేము తొక్కుడుబిళ్ళ ఆడేటోళ్ళం. మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఆ మిషన్ల కాడ కూలి చేసేది. మా నాయిన పెండ్లిళ్ళ బ్యాండుల గిటార్ వాయించేటోడు, అది మెడల ఏసుకున్నడంటే ఇంట్లోళ్ళు ఆయనకు కనబడకపోయేది.

మొదటి డబ్బా కొనేనాడు మైకుసెట్టు దుకాణానికి మమ్ముల గూడ తోల్కపోయిండు. దుకాణపాయన చిన్నదాంట్ల ఒకపారి, పెద్దదాంట్ల ఒకపారి వాయింపిచ్చిండు. మా అవ్వ మెల్లగ, "చిన్నదే మంచిగున్నది. పెద్దది గొంతు ఎండినట్టు అరుస్తున్నది" అన్నది.

"అన్నా, నీకంటె వదినె చెవే మంచిదున్నది" అని దుకాణపాయన నవ్విండు. ఎంబడి వచ్చిన బ్యాండోళ్ళు గూడ నవ్విండ్రు. మా నాయిన నవ్వలే. పెద్దదే కొన్నడు. దాని మీద, ఒక్క మాటను మళ్ళ మళ్ళ మోగిచ్చే ఇకో డబ్బా గూడ కొన్నడు.

గా యేడు సద్దుల బతుకమ్మ నాడు ఇల్లంత ఏంచిన నువ్వుల వాసన, సత్తుపిండిల బెల్లం, అవ్వ చేతులకు తంగేడు పువ్వు పసుపు. మా గల్లీల పాట ఎత్తేది ఆమెనే. బంట్వారంల తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న పాట ఒకటుండె, మా దిక్కు ఇంకెవ్వరికి రాదు. చెల్లెను పండుగకు తోల్కపోను అన్న వస్తడు, గడపల నిలబడి, పంపుమని చెల్లె అత్తను అడుగుతడు. నాయిన మైకు పట్టుకొచ్చి అవ్వ ముందట పెట్టిండు. "పాడు, మంచి చెవిదానివి కదా, అందరు ఇనాలె" అన్నడు. అవ్వ మురిసి కొంగు సదురుకున్నది.

అన్న గడపల నిలబడి అత్తను అడిగెదాంక పాట మంచిగనే నడిచింది. అప్పుడు నాయిన ఇకోను ఆఖరుదాంక బిర్రుగ తిప్పిండు. అవ్వ పాడిన మాట ఆమె మీదికే తిరిగొచ్చి, ఎనకటి మాట ముందట పడి, చప్పట్లు తప్పి, ఆడోళ్ళు ఆగమైండ్రు. అవ్వ ఆగి మళ్ళ ఎత్తుకున్నది, మళ్ళ తప్పింది. "ఏమైందే, చెవి పనిచేస్తలేదా?" అని నాయిన మైకులనే అడిగిండు, అది గల్లీ పొడుగు మోగింది. ముందుగాల మా మేనత్త నవ్వింది, ఆమెను చూసి అందరు.

తెల్లారి నల్లా కాడ అవ్వ ఏ మాటన్నా ఆడోళ్ళు ఆ మాటనే మళ్ళ మళ్ళ అన్నరు. ఆమె బిందె ఎత్తుకొని వచ్చేసింది. మళ్ళెన్నడు పాడలే, మా తమ్మునికి జోల గూడ పాడలే. ముసలితనంల మంచంల పడ్డంక, ఆ పాట చెప్పవే అని నేను అడిగితే మొగం గోడ దిక్కు తిప్పుకున్నది.

గిప్పుడు ఆ ఇల్లు లేదు, అవ్వ లేదు, నాయిన లేడు, ఆ డబ్బా ఇనుపసామాన్లకు పోయింది, నవ్వినోళ్ళు మట్టిల కలిసిండ్రు, నా మొగడు గూడ పోయిండు. మనుమరాలు ఏది ఉంచాలె అంటే చిన్నదే అన్న. కాలితోని ఒక పెడల్ బిళ్ళ నొక్కితే తీగె సప్పుడు మళ్ళ మళ్ళ వచ్చింది.

"అది తీసెయ్."

"ఇది లేకుంటె ఎట్ల అమ్మమ్మా, అందరి కాడ ఉంటది."

ఎందుకో చెప్పిన. వంగి ఆ బిళ్ళ వైరు పీకేసింది. "అయితే మీ అవ్వ పాట నువ్వు పాడు, నేను ఎనక వాయిస్త" అన్నది.

పాడిన. నా గొంతు బండ మీద బండ గీకినట్టున్నది. అన్న వచ్చిండు, గడపల నిలబడ్డడు, అత్తను అడిగిండు. నేను ఆగిన. మనుమరాలి ఏళ్ళు తీగెల మీద ఆగినయి.

"తర్వాత? అత్త పంపిందా?"

నాకు అక్కడిదాంకనే వస్తది.