మూడోసారి అడగని మాట

మూడోసారి అడిగి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదా? ఈ ప్రశ్న మారిట్ సోల్‌హైమ్‌ని నలభై ఏళ్ళుగా వదల్లేదు. ఆమె సంగతి రాస్తున్న ఈ చేతికీ జవాబు దొరకలేదు.

మారిట్ పుట్టింది మినెసోటా ఉత్తరపు కొసన, చక్కెర దుంపలు పండే నల్లరేగడి నేలలో. అక్కడివాళ్ళకి మాట పొదుపు. పంట విరగపండినా 'మరీ అంత చెడ్డగా లేదు' అంటారు తప్ప బాగుందనరు. ఇంటికొచ్చినవాళ్ళని కాఫీ తాగుతారా అని అడిగితే మొదట వద్దంటారు. మళ్ళీ అడిగితే, అబ్బే, మీకెందుకు శ్రమ అంటారు. మూడోసారి అడిగితేనే కప్పు అందుకుంటారు. మొదటిసారికే చెయ్యి చాపినవాడు లేకి మనిషి, రెండుసార్లడిగి ఊరుకున్న ఇల్లు పిసినారి ఇల్లు. మొదటి రెండు జవాబులూ మర్యాదవనీ, మూడోదే మనిషిదనీ మారిట్ నానమ్మ అంటూ ఉండేది.

మారిట్ కాలేజీలో మొదటి ఏడాది ముగించేసరికి వడగళ్ళు పడి దుంపపైరు నేలమట్టమైంది. ఈసారికి ఇంటి దగ్గరే ఉండిపోవాల్సి వస్తుందేమోనని తండ్రి ఆమె మొహం చూడకుండా అన్నాడు. హాస్టల్లో అంతస్తుకొక విద్యార్థిని మిగతావాళ్ళ మంచిచెడ్డలు చూసుకుంటుంది. ఆర్.ఏ. అంటారు. ఆమెకి గదీ, తిండీ ఉచితం. మారిట్ ఆ పనికి దరఖాస్తు పెట్టుకుంది. ఈ పని ఎందుకు కావాలని అడిగినవాళ్ళకి, తనకి నిద్ర తక్కువని చెప్పింది. వాళ్ళు నవ్వారు. పని వచ్చింది.

ఆగస్టులో, కాలేజీ తెరవడానికి పది రోజుల ముందు, శిక్షణకి రమ్మన్నారు. మనుషులు లేని హాస్టల్‌ని ఆమె అంతకుముందు చూడలేదు. కొత్తగా మైనం పూసిన నేల మీద నడుస్తుంటే తన అడుగులే ఎదురొస్తున్నట్టుండేవి. వరసగా తొంభై తలుపులు. ప్రతి తలుపు మీదా వెళ్ళిపోయినవాళ్ళ పేరుచీటీలు అంటించిన టేపు మరకలు. వాటి మీదే రాబోయేవాళ్ళ పేర్లు అంటించాలి. ఆ ఏడాది చీటీలు చేపల ఆకారంలో చెయ్యాలని తేల్చారు. కొత్తవాళ్ళంతా రంగు కాగితాలు ముందేసుకుని కత్తిరించడానికి కూర్చున్నారు.

"చేపకి రెక్కలుంటాయే పిల్లా, కొమ్ములు కాదు. దుంపలు కోసే చేతికి కత్తెరెవరిచ్చారు?"

అన్నది ఆర్లిస్ విక్, రెండో అంతస్తు ఆర్.ఏ. ఆ పనిలో ఆమెకది మూడో ఏడు. మారిట్ వాళ్ళ ఊరికి రెండు ఊళ్ళ అవతలి పిల్లే. పొడుగ్గా, వెడల్పాటి ఎముకలతో, వార్డెన్ రోండా నడకని ఆమె వెనకాలే నడిచి చూపించే చిలిపితనంతో ఉండేది. మారిట్‌కి చేప కత్తిరించడం నేర్పిందీ, మెట్ల కింద పనిచేసే కాఫీ యంత్రం ఏదో చెప్పిందీ ఆమే.

ఒకరోజు పాత టేపు గీకుతూ మారిట్ 219 తలుపు దగ్గరికొచ్చింది. దాని మీద పోయినేటి చీటీ ముక్క ఇంకా ఉంది. నీలం నక్షత్రంలో సగం. గోరు పెట్టబోయింది.

"దాన్ని ముట్టుకోకు," అంది ఆర్లిస్ వెనకనుంచి. ఆ గొంతులో చిలిపితనం లేదు.

అది జోడీ గది అని వంటామె చెప్పింది. జనవరిలో మంచుతుఫాను మొదలవుతుంటే ఆ పిల్ల ఒక్కతే కారేసుకుని బయల్దేరిందట. మూడో రోజున, రోడ్డు పక్క గోతిలో కారూ, కారులో గడ్డకట్టిపోయి ఆమే కనిపించారట. మంచు తప్పు, ఎవరి తప్పూ కాదు అనుకున్నారట అందరూ. అంతకు మించి ఎవరూ మాట్లాడలేదు. అది అక్కడి అలవాటు.

శిక్షణలో ఆఖరి రోజు తలుపుల పరీక్ష. పాత ఆర్.ఏ.లు ఒక్కొక్కరూ ఒక్కో గదిలో కూర్చుంటారు. ఎవరు ఏ బాధలో ఉన్నట్టు నటించాలో కాగితం మీద రాసి ఇస్తారు. తాగినపిల్ల ఒకరు, గదిలో తోడుండే పిల్లతో పోట్లాడినది ఒకరు. కొత్తవాళ్ళు తలుపు తట్టి, లోపలికెళ్ళి, సమాధానపరచాలి. వార్డెన్ మూలన కూర్చుని మార్కులు వేస్తుంది. ఆమె 'చాలు' అనగానే ఏడుస్తున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుని నవ్వాలి.

ఆర్లిస్ గది ఎవరికి పడుతుందోనని అందరికీ హడలే. అది మారిట్‌కే పడింది.

తలుపు తీసేసరికి ఆర్లిస్ నేల మీద, మంచానికి వీపు ఆనించి, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఎదుటివాళ్ళ ఎత్తులోనే కూర్చోవాలని శిక్షణలో చెప్పారు. మారిట్ కూడా నేల మీద కూర్చుంది. ఏమైందని అడిగింది.

"తలుపు తడుతున్నారు," అంది ఆర్లిస్. "రోజూ భోజనాల వేళకి. రెండుసార్లు. తీస్తే ఎవరూ ఉండరు."

"ఎవరనుకుంటున్నావు?"

"మొదట్లో తనే అనుకున్నా. కాదు. ఆ చప్పుడు నాది. నా వేళ్ళ చప్పుడు నాకు తెలీదా? తనకి కళ్ళెర్రబడి ఉన్నాయని ఆ సాయంత్రం నేను వెళ్ళి తట్టాను. బాగానే ఉన్నానంది. మళ్ళీ తట్టాను. బాగానే ఉన్నానంది. భోజనానికెళ్ళిపోయాను. ఆ రోజు మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ పెట్టారు. మారు కూడా వడ్డించుకున్నా."

219 తలుపు మీది నక్షత్రం ముక్క మారిట్‌కి గుర్తొచ్చింది. కానీ ఆమె తలలో శిక్షణ కాగితం తెరుచుకుని ఉంది. అందులో తరవాతి వరస ఏమిటో ఆమెకి కంఠతా వచ్చు. సూటిగా అడగాలి.

"నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని అడిగింది.

ఆర్లిస్ అప్పుడు మొహం ఇటు తిప్పింది. చాలాసేపు చూసింది. ఏదో చెప్పడానికి పెదవులు కదిపింది కూడా.

"చాలు," అంది రోండా.

గుమ్మంలో నిలబడి చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రోండా నూటికి నూరు వేసి, ఇంత బాగా చేసినవాళ్ళని తాను చూడలేదంది. ఆర్లిస్ చొక్కా చేత్తో మొహం తుడుచుకుని లేచింది.

"ఏడ్చింది నేను, మార్కులు దీనికా? న్యాయంగా సగం నాకు రావాలి."

అందరూ నవ్వారు. మారిట్ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకి తరవాత చాలాసార్లు వినబడింది.

కుర్చీలు సర్దుతుంటే మంచం కింద మడత కాగితం ఒకటి దొరికింది. ఆర్లిస్‌కి ఇచ్చిన పాత్ర అది. 'కొత్త విద్యార్థిని. ఇంటి మీద బెంగ. కుక్కపిల్ల గుర్తొచ్చి ఏడుస్తుంది.' అంతే. అందులో తలుపు తట్టడం లేదు. మారిట్ రెండుసార్లు చదివింది. ఆర్లిస్ ఏ పాత్ర ఇచ్చినా తనకి నచ్చినట్టు మార్చేస్తుందని అందరూ అనేవారు. పోయినేడు తాగినపిల్ల పాత్ర ఇస్తే పాస్టరు గారిలా ప్రసంగం చేసిందట. ఇదీ అలాంటిదేనేమో. కాకపోతే?

అనుమానం వస్తే వార్డెన్‌కి చెప్పాలన్నది నియమం. చెబితే ఆర్లిస్ పని పోవచ్చు, పనితోపాటు గది, గదితోపాటు చదువు. నటనే అయితే చలికాలమంతా అందరూ తనని చూసి నవ్వుతారు. ముందు తనే అడుగుదామనుకుంది మారిట్. భోజనాల వేళకి రెండో అంతస్తుకి వెళ్ళింది.

తట్టింది. రెండుసార్లు. చేయి దించాక గానీ తెలియలేదు ఏం చేసిందో. లోపల మంచం కిర్రుమనడం ఆగిపోయింది.

"నేనే, మారిట్‌ని," అంది గబగబా.

లోపలి గొంతు పలికింది. "ఏంటి?"

"ఎలా ఉన్నావ్?"

"బాగానే ఉన్నా."

"నీ కాగితం దొరికింది. అందులో కుక్కపిల్లుంది. తలుపు లేదు."

"పెద్ద పోలీసువే. కుక్కల కోసం ఏడవడం నా వల్ల కాదు. మా ఇంట్లో కుక్కలు పశువుల కొట్టంలో పడుకుంటాయి."

"నిజంగా బాగానే ఉన్నావా ఆర్లిస్?"

"చెప్పాగా, బాగానే ఉన్నా. వెళ్ళి తిను, చల్లారిపోతుంది."

మూడోసారి అడగబోయింది మారిట్. మాట నాలుక మీదికొచ్చింది. వద్దన్నవాళ్ళని బలవంతపెట్టకూడదు, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాలి అంటోంది శిక్షణ కాగితం. నానమ్మ చెప్పింది వేరు. పది రోజుల చదువుకే ఆమె కాగితాన్ని నమ్మింది. కింద నుంచి హాట్‌డిష్ వాసన కూడా మెట్లెక్కి వస్తోంది.

"రేపొస్తాను," అంది.

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. తలుపు కింది సందులో రెండు పాదాల నీడ కనిపించింది. ఆ నీడ కదల్లేదు. మారిట్ కూడా కాసేపు కదల్లేదు. తరవాత మెట్లు దిగింది.

మారిట్ ఆ ఉద్యోగంలోనే ఉండిపోయింది. ఆర్.ఏ.గా మూడేళ్ళు, తరవాత వార్డెన్‌గా ముప్ఫై ఒక్క ఏళ్ళు. బాగానే ఉన్నానన్న ప్రతి పిల్లనీ మూడుసార్లు అడిగేది. 'మూడుసార్లమ్మ' అని పిల్లలు చాటుగా పేరు పెట్టారు. ఆమెకి తెలుసు. ఆర్లిస్ వాళ్ళ ఊరికి ఉత్తరం రాస్తే తల్లి దగ్గరనుంచి కార్డు వచ్చింది. 'బాగానే ఉంది. అడిగినందుకు సంతోషం.' మళ్ళీ రాస్తే అదే మాట. మూడో ఉత్తరానికి జవాబు రాలేదు. కొన్ని రోజులు భోజనాల వేళకి మారిట్ తలుపు కూడా ఎవరో తట్టేవారు. తీయడానికి లేచేది. తన వేళ్ళ చప్పుడు తనకి తెలుసు కాబట్టి మళ్ళీ కూర్చునేది.

తలుపుల పరీక్ష జరిగిన మర్నాడే కాలేజీ తెరిచారు. చెప్పిన మాట ప్రకారం మారిట్ పొద్దున్నే రెండో అంతస్తుకి వెళ్ళింది. 219 తలుపు మీద నక్షత్రం ముక్క లేదు. దాన్ని గీకినచోట చెక్క కొత్త రంగు తేలి చిన్న గీత మాత్రం మిగిలింది. ఆర్లిస్ తలుపు మీద చేప కూడా లేదు. తలుపు ఓరగా తీసి ఉంది. ఈసారి తట్టకుండానే తోసింది. పరుపు చుట్టి ఉంది. బల్ల మీద తాళంచెవి ఉంది, చీటీ ఏదీ లేదు.

మెట్లవైపు పరుగెత్తింది. అప్పటికే కార్లొచ్చేశాయి. మలుపు దగ్గర ఒక తండ్రీ కూతురూ చిన్న ఫ్రిజ్‌ని అడ్డంగా ఇరికించి ఎటూ తిప్పలేక నిలబడ్డారు. 312 తాళంచెవి ఇస్తావా అమ్మాయ్ అని ఒక తల్లి మారిట్ మోచెయ్యి పట్టుకుంది. మారిట్ మెట్ల కిటికీలోంచి కిందికి చూసింది. దిళ్ళూ, దీపాలూ, పెట్టెలూ పట్టుకుని అందరూ లోపలికొస్తున్నారు. వాళ్ళ మధ్య నుంచి బట్టల సంచీ భుజానేసుకుని ఆర్లిస్ బస్సుల వైపు వెళ్తోంది. ఎవరి భుజమో తగిలితే పక్కకి తప్పుకుని దారిచ్చింది. కిటికీ అద్దం మీద మారిట్ వేళ్ళతో కొట్టింది, ఒకటి, రెండు. కింద ఆర్లిస్ ఆగింది. తల ఎత్తలేదు. తరవాత సంచీ ఇంకో భుజానికి మార్చుకుని నడిచింది.