నోటు మీద బొమ్మ, మా పెళ్లిచూపులు

నన్ను చూసుకోవడానికి పాయకరావుపేట నుంచి వచ్చినవాళ్లు ఆ రోజు మా ఇంట్లో నా గురించి మాట్లాడింది చాలా తక్కువ. ఎక్కువసేపు మాట్లాడింది మన నోట్ల మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని గురించి. ఆ విషయం తేల్చిపెట్టమని దేశంలో ఎవరూ మా రెండు కుటుంబాలనీ అడగలేదు.

మాది అనకాపల్లి. నాన్నకి బెల్లం మార్కెట్లో కొట్టు ఉంది. నేనప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. అబ్బాయివాళ్లకి పప్పుల మిల్లు. సంబంధం తెచ్చింది మా మేనమామ. ఇద్దరు తండ్రులూ వ్యాపారస్తులే, ఇద్దరూ మితభాషులే, గొడవపడే మనుషులు కారని ఆయన రెండు వైపులా హామీ ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చారు. అమ్మ జీడిపప్పు ఉప్మా చేసి, మాడుగుల నుంచి హల్వా తెప్పించింది. అబ్బాయి తల్లి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వంట వచ్చా అని అడిగింది. వచ్చన్నాను. అమ్మ నేల చూపులు చూసింది. అంతవరకూ అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. అబ్బాయి తలెత్తకుండా ఉప్మా తింటున్నాడు. అప్పుడు అతని తండ్రి నావైపు తిరిగారు.

"కాలేజీలో ఏటి చెప్తావమ్మా?"

"ఎకనామిక్స్ అండీ."

"అయితే నువ్వే చెప్పాలి. వారం రోజుల్నుంచి టీవీలో ఒకటే గోల. నోటు మీద బొమ్మ మార్చాలని ఒకడు, మార్చకూడదని ఇంకొకడు. నువ్వేటంటావు?"

మా సిలబస్‌లో ద్రవ్యం విధులున్నాయి, ద్రవ్య సరఫరా ఉంది, బొమ్మ లేదు. అదే చెప్పాను. ఆయనకి తృప్తి కలగలేదు. జేబులోంచి ఒక నోటు తీసి టీపాయ్ మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా నీళ్ల గ్లాసు బరువు పెట్టారు.

"నన్నడిగితే రైతు బొమ్మ వెయ్యాలి. భుజాన నాగలి, పక్కన ఎడ్లు. మనకి తిండి పెట్టేవోడు ఆడే కదా."

పొద్దుట్నుంచీ "ఇంకొంచెం హల్వా వేసుకోండి బావగారూ" తప్ప వేరే మాట అనని నాన్న గొంతు సవరించుకున్నాడు. పెళ్లి కుదరకముందే బావగారూ అని పిలవడం మేనమామ నేర్పిన ఎత్తు.

"మనిషి బొమ్మ వేత్తే తగువే బావగారూ. మావోడంటే మావోడంటారు. అమ్మవారి బొమ్మ వేసీడమే మంచిది. అమ్మవారిని వద్దనేవోడు ఎవడుంటాడు?"

"నేనున్నాను" అన్నారాయన. "అమ్మవారిని వెనక జేబులో పెట్టుకుని, దానిమీద కూచుంటారా? బ్రాందీ షాపు కిటికీలోంచి అమ్మవారిని లోపలికి తోసి, క్వార్టరిమ్మంటారా?"

నాన్న కాసేపు ఆలోచించాడు. ఆలోచించి మాట్లాడటం ఆయనకున్న మంచి అలవాటు. ఆ రోజు అది ఉపయోగపడలేదు.

"మరి మీ రైతు వెళ్తాడేటి ఆ కిటికీలోకి?"

"అంటే, రైతు తాగుబోతంటారా?"

"ఆ మాట మీరంటన్నారు. నేననలేదు."

మేనమామ హల్వా ప్లేటు ఎత్తి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. ఎవరూ తీసుకోలేదు. కొట్టు బోర్డుకి ఏ రంగు వెయ్యాలో కూడా పెయింటరుకే వదిలేసే మనిషి నాన్న. ఆయన గొంతు అంత పైకి లేవగా నేనెప్పుడూ వినలేదు. బావగారూ పోయి "చూడండి సార్" వచ్చింది. అవతల ఆయన "మీకు దేశం గురించి తెలీదు" అన్నారు. "మీకు అనకాపల్లి గురించి తెలీదు" అన్నాడు నాన్న. అబ్బాయి మాత్రం ఉప్మా పూర్తిచేసి, ప్లేటు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

గుమ్మం పక్కన పీట మీద కూర్చున్న మా నాయనమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"నా మాట కూడా ఇనండి. నాను డబ్బులు రొంటిని దోపుకుంటాను. ఇప్పుడున్నాయన ముసలాయన. కళ్లజోడెట్టుకుని నవ్వుతుంటాడు. ఇన్నాళ్లూ నాకేటీ ఇబ్బంది అవలేదు. కొత్తగా ఇంకో మగోడిని తెచ్చి రొంటినెట్టుకోమంటే మాత్రం నావల్ల కాదు."

నవ్వాలో లేదో తెలియక అందరూ కాసేపు గోడ గడియారం వైపు చూశారు. అబ్బాయి తండ్రి మళ్లీ నన్నే పట్టుకున్నారు. "చదువుకున్న పిల్లవి. ఎవరిది రైటో నువ్వే చెప్పు."

పెళ్లిచూపుల్లో పెళ్లికూతురిని తీర్పు చెప్పమనడం మా బంధువర్గంలో అదే మొదలు. నాకు తెలిసిన నిజమే చెప్పాను. "ఎవరి బొమ్మ వేసినా నోటు విలువ మారదండీ."

ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. ఆ ఉదయం వాళ్లిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. అబ్బాయి తండ్రి లేచి, నోటు మడిచి జేబులో పెట్టుకున్నారు. "అమ్మాయి తెలివైంది" అన్నారు. మా వైపు ఆ మాట కూర్చుని అంటే మెచ్చుకోలు, నిలబడి అంటే సంబంధం వద్దని. మేనమామ మిగిలిన హల్వా పొట్లం కట్టుకుని కారు వెంట సందు చివరిదాకా పరిగెత్తాడు. వాళ్లు హల్వా అయితే తీసుకున్నారు.

అమ్మ రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, ఇంట్లో ఎవరైనా చిల్లర కావాలన్నా గయ్యిమనేది. నాన్న మాత్రం ఇంకో రకంగా తయారయ్యాడు. కొట్టుకి వచ్చేవాళ్లందరినీ ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఏదో తొలుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా కుర్చీలో కూర్చుని చెప్పాడు.

కశింకోట వైపు నుంచి బెల్లం తెచ్చే ఒక పెద్దవయసు రైతుని అడిగాడట. "నోటు మీద నీ బొమ్మ వేత్తే ఎలాగుంటాది మామా?"

"సొక్కా ఏసుకునా, ఏసుకోకుండానా?" అన్నాడట ఆ రైతు.

"నాగలి పట్టుకుని కదా. చొక్కా లేకుండానే."

"అయితే మా కోడలు ఒప్పుకోదు బాబూ. సొక్కాతో తియ్యమను. ఎడ్లు అమ్మేసి సేనాళ్లయింది. ట్రాక్టరైతే పక్కింటోడిది అడిగి తెత్తాను. ఎప్పుడు రమ్మంటారు?"

"అతను నిజంగా వచ్చీలాగున్నాడే" అన్నాడు నాన్న. అప్పుడు లేచి కాళ్లు కడుక్కున్నాడు. అన్నం దగ్గర, ఎవరూ అడక్కుండానే, "చొక్కా వేసుకున్న రైతైతే మరీ అంత తప్పేం కాదు" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, మధ్యాహ్నం కాలేజీలో క్యారేజీ విప్పుకుంటుంటే ఫోనొచ్చింది. ఆ అబ్బాయి. మా ఇంట్లో అతను ఒక్క మాటా మాట్లాడలేదు కాబట్టి గొంతు గుర్తుపట్టే అవకాశం లేదు. పాయకరావుపేట పప్పుల మిల్లు అని చెప్పుకున్నాడు.

"మా నాన్న సరిగ్గా అన్నం తినడం లేదండి" అన్నాడు.

నేను ఎకనామిక్స్ లెక్చరర్నని గుర్తుచేశాను.

"అది కాదండీ. మా ఇంట్లో ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. మిల్లులో అసలే చెప్పరు. ఏమన్నా ఔనంటారు. మీ నాన్నగారు కాదన్నారు. అప్పట్నుంచీ రోజూ ఒకటే అడుగుతున్నారు, ఆ అనకాపల్లాయన ఇప్పుడేటంటన్నాడో అని. మీ నాన్నగారు ఇప్పుడేమంటున్నారండీ?"

మా నాన్న చొక్కా దాకా వచ్చాడని చెప్పాను. అతను ఆ సంగతి చాలా శ్రద్ధగా విన్నాడు. ఉండబట్టలేక అడిగాను. "ఇంతకీ మీరేమంటారు? ఎవరి బొమ్మ ఉండాలి?"

"నాకైతే ఏ అభిప్రాయమూ లేదండీ" అన్నాడు.

కొద్దిరోజులుగా మా ఇంటికి పాలు పోసేవాడితో సహా అందరి అభిప్రాయాలూ వింటున్నాను. అభిప్రాయం లేని మగవాడు ఒకడున్నాడని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. క్యారేజీలో అన్నం చల్లారిపోయింది. అయినా ఫోను పెట్టలేదు.

మరుసటి వారం అతని తండ్రి మిల్లులో పనివాళ్లకి బెల్లం కావాలన్న నెపంతో అనకాపల్లి వచ్చారు. పాయకరావుపేటకి తుని పక్కనే. తునిలో బెల్లం దొరకదా అని నాన్న అడగలేదు. స్టూలు తుడిచి వేశాడు. అప్పుడేం జరిగిందో మేనమామ కళ్లారా చూసి వచ్చి చెప్పాడు. కాసేపు ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారట. టీ తాగారట. ఆ తర్వాత నాన్నే మెల్లగా మొదలుపెట్టాడట.

"మీరన్నది ఆలోచించేను. రైతు బొమ్మే సబబండి."

అవతలాయన టీ గ్లాసు కింద పెట్టారట. "అదేటండీ! మీ మాట విని నేను మా ఇంట్లో అందరికీ అమ్మవారి బొమ్మే వెయ్యాలని చెప్పేసేను కదా!"

"ఆ బ్రాందీ షాపు మాట మీరే కదండీ అన్నారు?"

"అమ్మవారి బొమ్మ చూసైనా తాగీవోడు వెనక్కి తిరుగుతాడు. అది మీకు తట్టలేదు."

ఈసారి పక్షాలు మారాయి గానీ గొడవ మారలేదు. మార్కెట్ మూసేదాకా సాగింది. మేనమామ భయపడి మధ్యలో రెండుసార్లు పెళ్లిమాట ఎత్తితే, ఇద్దరూ "ఉండవయ్యా" అని కసిరారట. చీకటి పడ్డాక కారెక్కుతూ అబ్బాయి తండ్రి, "ముహూర్తం మీరే పెట్టించండి బావగారూ, కానీ ఈ విషయంలో మాత్రం మీది తప్పు" అన్నారు. మా పెళ్లి కుదిరింది ఆ వాక్యంతోనే. బెల్లం కారులో పెట్టడం అందరూ మర్చిపోయారు.

పెళ్లి బాగానే జరిగింది. మూడు ముళ్లు పడగానే కాబోయే వియ్యంకులు కాస్తా వియ్యంకులయ్యారు. భోజనాల హాలు పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటూ అప్పగింతలకి ఆలస్యంగా వచ్చారు. నేనూ మా ఆయనా ఏడవడానికి సిద్ధంగా నిలబడి ఎదురుచూశాం. చివరికి నేను ఏడ్వలేదు, అతనే కొంచెం కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు.

అప్పట్నుంచీ నాన్నకి పాయకరావుపేటలో పనులు పెరిగాయి. మామయ్యగారికి అనకాపల్లిలో పెరిగాయి. నోటు మీద మాత్రం ఏ మార్పూ లేదు. ఆ ముసలాయనే నవ్వుతున్నాడు.

పోయిన ఏడాది మామయ్యగారికి గుండెనొప్పి వచ్చింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. కబురు తెలియగానే నాన్న కొట్టు మూసేసి, దొరికిన బస్సు పట్టుకుని వచ్చాడు. చొక్కా గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నాడు. ఐసీయూ బయట నా చెయ్యి పట్టుకుని, "నేను మాటాడితే ఆయనకి ప్రమాదమేమో కదమ్మా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ప్రమాదమేనని నర్సు చెప్పింది. పేషెంటుని కదిలించకూడదు, మాట్లాడించకూడదు.

నాన్న లోపలికెళ్లి స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మంచం ఈ పక్కన నేను. మామయ్యగారు కళ్లు మూసుకుని ఉన్నారు. మా నాన్న పెదవులు బిగించి సెలైన్ సీసా వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి మామయ్యగారు కళ్లు తెరిచారు.

"బావగారూ" అన్నారు నీరసంగా. "ఆలోచించేను. రైతూ కాదు, అమ్మవారూ కాదు. ప్రాణం పోసీది డాక్టరండీ. నోటు మీద డాక్టరు బొమ్మ వెయ్యాలి."

నాన్న నావైపు చూశాడు. నర్సు వైపు చూశాడు. శాయశక్తులా ఆగాడు.

"బిల్లు చూసేక చెప్పండి" అన్నాడు.

మామయ్యగారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. పక్కనున్న మిషను కీచుకీచుమని మోగింది. నర్సు వచ్చి నాన్నని మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. ఆయన ఎదురు చెప్పకుండా వెళ్లి, వరండాలో బెంచీ మీద కూర్చుని, చొక్కా గుండీలు విప్పి మళ్లీ సరిగ్గా పెట్టుకోవడం మొదలుపెట్టాడు.